సమ్మర్ టైర్లు: స్పోర్ట్ రకమా, టూరింగ్ రకమా? తడి రోడ్డు మీద అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

#1 మైలురాయి

అందరికీ నమస్కారం. నాది మామూలు సెడాన్. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. టైరు సైజు 205/55 ఆర్16, అంటే వెడల్పు 205 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ 16 అంగుళాలు. నెలకు 1500 కి.మీ. దాకా తిరుగుతాను, ఎక్కువ భాగం హైవే మీదే. వెనక సీట్లో చాలాసార్లు పిల్లలిద్దరూ ఉంటారు.

పోయిన వారం రోజంతా ఎండ మండిపోయింది. సాయంత్రం ఉన్నట్టుండి పెద్ద వాన మొదలైంది. పది నిమిషాలు కూడా కాలేదు, ముందున్న వ్యాన్ బ్రేకు వేసింది. నేనూ వేశాను. కాలి కింద పెడల్ దడదడలాడుతోంది, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేస్తోందని తెలుస్తూనే ఉంది, కానీ బండి ఆగదే! చివరికి వ్యాన్‌కు జానెడు దూరంలో ఆగింది. పిల్లలకు ఏం జరిగిందో కూడా తెలియలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నాలుగు టైర్లూ మార్చేయాలనుకుంటున్నాను. రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, ఇదే సైజులో టూరింగ్ రకం (మన్నిక, నిశ్శబ్దం ముఖ్యంగా చూసేది): మిచెలిన్ ప్రైమసీ 4+, కాంటినెంటల్ ప్రీమియమ్‌కాంటాక్ట్ 7, బ్రిడ్జ్‌స్టోన్ టురాంజా 6, గుడ్‌ఇయర్ ఎఫిషియెంట్‌గ్రిప్ పర్ఫార్మెన్స్ 2 లాంటివి. రెండోది, 17 అంగుళాల రిమ్ములు వేయించి 225/45 ఆర్17లో పైలట్ స్పోర్ట్ 5 లాంటి స్పోర్ట్ రకం (మలుపులో పట్టు, స్టీరింగ్ స్పందన ముఖ్యంగా చూసేది). నాకు వేగం పిచ్చి లేదు. బ్రేకు వేస్తే ఆగాలి, మలుపులో జారకూడదు. ఏది వేయించమంటారు?

#2 గేరు5

అన్నా, ఇందులో ఆలోచించడానికి ఏముంది, 17కి వెళ్లి స్పోర్ట్ టైర్లు వేయించండి. నేను మూడేళ్లుగా అవే వాడుతున్నాను. స్టీరింగ్ కొంచెం తిప్పగానే బండి ముక్కు తిరుగుతుంది. గట్టిగా బ్రేకు వేస్తే సీటు బెల్టు భుజానికి పట్టేస్తుంది. పిల్లలు ఎక్కే బండికి ఆ మాత్రం పట్టు ఉండాలి.

#3 నల్లరబ్బరు

మైలురాయి గారూ, ముందుగా మీకూ పిల్లలకూ ఏమీ కాలేదు, అది చాలు. నేను పదిహేనేళ్లుగా టైర్లు బిగించే పనిలో ఉన్నాను. ఏది కొనాలో తర్వాత చూద్దాం, ఆ రోజు బండి ఎందుకు జారిందో ముందు తేల్చండి. అది తేలకుండా కొత్తవి వేయిస్తే రెండేళ్లకు మళ్లీ ఇదే భయం వస్తుంది.

మూడు విషయాలు చూసి రాయండి. నాలుగు టైర్ల గాడి లోతు, మధ్యలో ఒకసారి, రెండు అంచుల దగ్గర ఒక్కోసారి కొలవండి. దానికి చిన్న గేజీ దొరుకుతుంది. తర్వాత గాలి. పొద్దున్నే బండి కదలక ముందు చూడాలి, డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద ఉండే స్టిక్కర్‌లోని అంకెతో పోల్చాలి. మూడోది టైరు వయసు. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద ‘డాట్’ అని మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2323 అంటే 2023లో 23వ వారం తయారైన టైరు.

#4 మైలురాయి

చూశాను నల్లరబ్బరు గారూ. రాయడానికే ఇబ్బందిగా ఉంది.

ముందు టైర్లు 2.1, 2.3 మి.మీ. వెనకవి రెండూ 3.4. ముందువాటికి మధ్య భాగం కన్నా రెండు అంచులూ ఎక్కువ అరిగాయి. గాలి ముందు 27 పి.ఎస్.ఐ., వెనక 28. స్టిక్కర్ మీద నాలుగింటికీ 33 అని ఉంది. నాలుగు టైర్ల మీదా ఒకటే అంకె, 1118. అంటే 2018 మార్చిలో తయారైనవి.

గాలి సంగతి మాత్రం నా తప్పే. ఎండలు ముదిరాయి, వేడికి గాలి పెరిగి టైరు పేలుతుందేమోనని కొంచెం తగ్గించి కొట్టమని నేనే చెప్పాను. డాష్‌బోర్డులో హెచ్చరిక లైటు కూడా వెలగలేదు, అందుకే ధైర్యంగా ఉన్నాను.

#5 నల్లరబ్బరు

ఎండాకాలంలో గాలి తగ్గించి పెట్టమనేవాళ్లు వారానికి నలుగురైనా వస్తారు. ఇందులో మిమ్మల్ని తప్పు పట్టను, అందరూ చెప్పుకునే మాటే. కానీ జరిగేది దానికి సరిగ్గా తిరగబడి ఉంటుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

టైరును పేల్చేది బయటి ఎండ ఒక్కటే అయితే పార్కింగ్‌లో నిలబెట్టిన బండ్లన్నీ పేలాలి. అసలు వేడి టైరు లోపల పుడుతుంది. గాలి తక్కువైతే సైడ్‌వాల్ నేల తగిలే చోట నొక్కుకుపోయి, పైకి వెళ్లగానే మళ్లీ సాగుతుంది. మీ సైజు టైరు గంటకు 100 కి.మీ. వేగంలో సెకనుకు 14 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 14 సార్లు వంగడం, సాగడం. ఒక ఇనుప తీగను అటూ ఇటూ పదేపదే వంచి చూడండి, వంగినచోట వేలు కాలుతుంది. టైరులోనూ అదే జరుగుతుంది. గాలి ఎంత తక్కువైతే అంత ఎక్కువ వంగుతుంది, అంత ఎక్కువ కాగుతుంది. పైన ఎండ, కింద కాలే తారు, లోపల ఈ వేడి, మూడూ కలిస్తే రోడ్డుకు తగిలే పై పొర ట్రెడ్‌కూ లోపలి ఉక్కు తీగల పొరకూ మధ్య అతుకు వదులుతుంది.

పరుగులో టైరు 20, 25 డిగ్రీలు వేడెక్కితే 33 ఉన్న గాలి 36, 37 చూపిస్తుంది. ఆ పెరుగుదలను కంపెనీ ముందే లెక్కలోకి తీసుకుని స్టిక్కర్ మీద చల్లటి టైరు అంకె రాస్తుంది. వేడిగా ఉన్నప్పుడు 37 కనిపించిందని గాలి వదిలేస్తే మర్నాడు పొద్దున్నకి అది 29, 30కి దిగిపోతుంది.

లైటు సంగతి. 2000లో అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్లు పరుగులో ట్రెడ్ ఊడిపోయి, బండ్లు పల్టీలు కొట్టి చాలామంది చనిపోయారు. 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచారు. తయారీ లోపమా, గాలి తక్కువా, వేడా అని రెండు కంపెనీల మధ్య పెద్ద వాదనే నడిచింది. ఆ ఏడాదే అక్కడ చేసిన చట్టం వల్ల టైరు గాలి హెచ్చరిక లైటు తప్పనిసరి అయింది. అయితే అక్కడి నియమం ప్రకారం ఉండాల్సిన గాలి 25 శాతం తగ్గాకే ఆ లైటు వెలగాలి. మీ 33లో 25 శాతం తీసేయండి, 25 దగ్గరికి వస్తుంది. మీ బండిలోనూ హద్దు అలాంటిదే అయితే 27కి లైటు వెలగదు. లైటు వెలగలేదంటే గాలి సరిపోయిందని అర్థం కాదండీ.

అంచులు ఎక్కువ అరగడం కూడా గాలి తక్కువగా తిరిగిందని చెప్పే గుర్తే.

#6 లెక్కల మాస్టారు

నల్లరబ్బరు గారు వేడి సంగతి చెప్పారు. నీటి సంగతి నేను చెబుతాను. పాఠం చెప్పే అలవాటు కాబట్టి కొంచెం పొడుగవుతుంది.

రోడ్డు మీద 3 మి.మీ. నీళ్లు నిలిచాయనుకోండి. గంటకు 80 కి.మీ. అంటే సెకనుకు 22 మీటర్లు. 205 మి.మీ. వెడల్పున్న టైరు తన దారిలోంచి సెకనుకు దాదాపు 13.7 లీటర్ల నీటిని పక్కకు నెట్టాలి. ఒక్క టైరే! ఆ నీళ్లు పోవడానికి ఉన్న కాలవలే ట్రెడ్ గాళ్లు. కొత్త టైరులో వాటి లోతు 7, 8 మి.మీ. మైలురాయి గారి టైరులో 2. నీళ్లు అవే, కాలవ మాత్రం నాలుగోవంతు మిగిలింది. పోయే దారి లేని నీరు టైరు ముందు పోగై దాన్ని పైకి ఎత్తుతుంది. అదే హైడ్రోప్లేనింగ్. అప్పుడు స్టీరింగ్ తిప్పినా, బ్రేకు వేసినా రోడ్డుకు ఆ సంగతి చేరదు.

నాసాలో పనిచేసిన వాల్టర్ హార్న్ విమానాల టైర్ల మీద ప్రయోగాలు చేసి, 1963లో వెలువడిన నివేదికలో ఒక సూత్రం ఇచ్చారు. పి.ఎస్.ఐ.లో గాలి ఎంతో దాని వర్గమూలాన్ని 10.35తో గుణిస్తే, టైరు పూర్తిగా నీటి మీద తేలే వేగం మైళ్లలో వస్తుంది. 33 పి.ఎస్.ఐ.కి గంటకు సుమారు 96 కి.మీ. 27కి 87 కి.మీ. గాడి లోతును మించి నీళ్లున్నప్పుడు వర్తించే లెక్క ఇది, కారు టైరుకు అక్షరాలా అలాగే జరుగుతుందని పట్టుకోకూడదు. కానీ దిశ మాత్రం ఖాయం. గాలి తగ్గించిన కొద్దీ తక్కువ వేగానికే తేలతారు.

వెడల్పు సంగతి కూడా ఇక్కడే చెబుతాను. 225 టైరు అదే వేగంలో సెకనుకు 15 లీటర్లు నెట్టాలి. మిగతావన్నీ సమానమైతే నిలిచిన నీటిలో వెడల్పు టైరుకు కష్టం ఎక్కువ. గేరు5 తమ్ముడు 17కి వెళ్లమంటున్నాడు, ఇది కూడా తూకంలో వేసుకోండి.

ఇంకొక్క లెక్క చెప్పి ఆపుతాను. రెండు బండ్లు 100 వేగంలో పక్కపక్కనే వస్తూ ఒకేసారి బ్రేకు వేశాయి. ఒకటి 40 మీటర్లలో ఆగింది, రెండోది 45లో ఆగుతుంది. అయిదు మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ మొదటి బండి ఆగిన చోటికి వచ్చేసరికి రెండో బండి ఇంకా గంటకు 33 కి.మీ. వేగంలో ఉంటుంది. రోడ్డు దాటుతున్న మనిషికి ఆ దెబ్బ చిన్నది కాదు. టైర్ల పరీక్షల పట్టికలో ‘తేడా 5 మీటర్లు’ అని చదివినప్పుడల్లా ఈ 33 గుర్తు తెచ్చుకోండి.

#7 మైలురాయి

మాస్టారూ, ఆ 33 చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను.

#8 గేరు5

గాలి, గాడి లోతు విషయాలు ఒప్పుకుంటున్నాను. కానీ అవి ఏ టైరుకైనా ఒకటే కదా? కొత్తవి వేయించి గాలి సరిగ్గా పెట్టాక, స్పోర్ట్ టైరుకూ టూరింగ్ టైరుకూ తేడా ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. నా టైర్లకు యూరోపియన్ లేబుల్‌లో తడి పట్టు ‘ఎ’. అంతకంటే పైన ఇంకేమీ లేదు.

#9 సిలికా

గేరు5 గారి ప్రశ్న న్యాయమైనది. నేను రబ్బరు మిశ్రమాలు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తాను. లేబుల్ గురించి రాస్తాను, ఎందుకంటే చాలామంది దాన్ని పరీక్షలో వచ్చిన ర్యాంకులా చదువుతారు.

ఆ లేబుల్ 2012లో మొదలైంది. ఇప్పుడున్న రూపం 2021 మే 1 నుంచి. ఇంధన పొదుపుకూ తడి పట్టుకూ ఎ నుంచి ఇ వరకు అయిదు తరగతులు. శబ్దానికి ఎ నుంచి సి వరకు మూడు. తడి పట్టు ఎలా కొలుస్తారంటే, ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా నీళ్లున్న రోడ్డు మీద గంటకు 80 కి.మీ. నుంచి 20 వరకు బ్రేకు వేసి, ఒక ప్రామాణిక టైరుతో పోలుస్తారు. కొత్త టైరుతో, తిన్నగా, పల్చటి నీటి పొర మీద. తడి మలుపు అందులో లేదు. నిలిచిన నీటిలో తేలిపోయే వేగం లేదు. సగం అరిగాక ఎలా ఉంటుందన్నది లేదు. పైగా ఆ తరగతిని ప్రకటించేది తయారీదారే. లేబుల్ అబద్ధమని అనడం లేదు. తడి పట్టు ‘సి’ ఉన్న టైరును పక్కన పెట్టడానికి అది చాలు. రెండు ‘ఎ’ల మధ్య ఎంచుకోవడానికి చాలదు.

అమెరికా పద్ధతిలో ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది. టెక్సాస్‌లో మామూలు రోడ్ల మీద 7200 మైళ్లు తిప్పి, అరుగుదలను ఒక ప్రామాణిక టైరుతో పోల్చి తయారీదారే ఆ అంకె ఇస్తాడు. పైలట్ స్పోర్ట్ 4 ఎస్‌కు 300. టూరింగ్ రకాలకు 400, 500 కనిపిస్తాయి. ఒకే కంపెనీ రెండు మోడళ్లను పోల్చడానికి బాగా పనికొస్తుంది. వేర్వేరు కంపెనీల అంకెలను మాత్రం పక్కపక్కన పెట్టి నిర్ణయం తీసుకోకండి. అక్కడి ‘ట్రాక్షన్ ఎఎ’ గుర్తు కూడా తడి రోడ్డు మీద తిన్నటి బ్రేకింగ్ మాత్రమే.

ఇక స్పోర్ట్‌కూ టూరింగ్‌కూ తేడా రబ్బరు మిశ్రమంలోనూ ఉంది, ఒళ్లు కట్టిన తీరులోనూ ఉంది. రబ్బరు వంగి తిరిగి లేచేటప్పుడు కొంత శక్తిని వేడిగా పోగొట్టుకుంటుంది. ఆ నష్టమే పట్టు ఇస్తుంది. ఆ నష్టమే పెట్రోలు కూడా తాగుతుంది. నల్లరబ్బరు గారన్నట్టు మామూలుగా దొర్లేటప్పుడు రబ్బరు సెకనుకు 14 సార్లు వంగుతుంది. బ్రేకు వేసి జారుతున్నప్పుడు మాత్రం రోడ్డు మీది సన్నటి గరుకులు దాన్ని సెకనుకు వేల, లక్షల సార్లు కదిలిస్తాయి. నెమ్మది కదలికలో నష్టం తక్కువగా, వేగమైన కదలికలో ఎక్కువగా ఉండే రబ్బరు దొరికితే పొదుపూ పట్టూ రెండూ వస్తాయి. టైరుకు నలుపు ఇచ్చే మసి పొడి, కార్బన్ బ్లాక్ ఒక్కదానితో అది కష్టం. 1992లో మిచెలిన్ సిలికా కలిపిన ట్రెడ్‌తో టైర్లు తెచ్చాక దారి దొరికింది. ఇప్పుడు మంచి టైరు అన్నదానిలో సిలికా లేకుండా ఉండదు. నేను ఈ పేరు పెట్టుకున్నది అందుకే.

అయినా తడి పట్టు, తక్కువ అరుగుదల, పొదుపు, ఈ మూడింటిలో ఒకటి పెంచితే ఇంకోటి లాగుతూనే ఉంటుంది. స్పోర్ట్ టైరు చేసేవాడు అరుగుదలను కొంత వదులుకుని మలుపులో పట్టునూ స్టీరింగ్ స్పందననూ తీసుకుంటాడు. టూరింగ్ చేసేవాడు ఆయుష్షునూ నిశ్శబ్దాన్నీ ఎక్కువ కాపాడతాడు. తడి బ్రేకింగ్‌లో మాత్రం ఈ రోజున మంచి టూరింగ్ టైరు వెనకబడి లేదు. నాసిరకం టైరుకూ మంచి టైరుకూ మధ్య ఉన్న దూరంతో పోలిస్తే, రెండు మంచి రకాల మధ్య దూరం చాలా చిన్నది.

మరో మాట. రెండు రకాలూ సమ్మర్ టైర్లే. గాలి ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి పడే చోట ఈ రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. అలాంటి కాలంలో వీటితో తిరగొద్దు.

#10 దూరప్రయాణం

నేను ఒకే బండికి రెండు రకాలూ వాడాను, కాబట్టి రాస్తున్నాను. ముందు 17 స్పోర్ట్, అవి అరిగాక 16 టూరింగ్.

స్పోర్ట్ టైర్లతో మలుపుల దారిలో బండి మీద నమ్మకం ఎక్కువగా ఉండేది. స్టీరింగ్ తిప్పగానే జవాబు వచ్చేది. అది నిజం, ఆ సుఖం గుర్తుంది. కానీ రోడ్డు అతుకులన్నీ నడుముకు తెలిసేవి. ఒకసారి రాత్రి గుంత కనిపించలేదు, సైడ్‌వాల్ బుడగలా ఉబ్బింది, రిమ్ వంగింది. 45 ప్రొఫైల్‌లో రబ్బరు గోడ ఎత్తు 10 సెం.మీ. అటూ ఇటూ. 205/55లో 11కి పైన. ఆ సెంటీమీటరుకు విలువుంది.

టూరింగ్‌కు మారిన మొదటి వారం బండి మొద్దుగా అనిపించింది. తర్వాత అలవాటైంది. వానలో బ్రేకు వేస్తే రెండింటి మధ్య నాకు తేడా తెలియలేదు. ఆరు గంటల ప్రయాణం తర్వాత అలసటలో మాత్రం చాలా తేడా తెలిసింది, ఎందుకంటే లోపల హోరు తగ్గింది. అలసిపోయిన మనిషి బ్రేకు ఆలస్యంగా వేస్తాడు. నా మట్టుకు నిశ్శబ్దం కూడా భద్రతే.

#11 లెక్కల మాస్టారు

దూరప్రయాణం గారి చివరి మాటకు ఒక అంకె జోడిస్తాను. 100 వేగంలో ఒక్క సెకను ఆలస్యమైతే 28 మీటర్లు.

#12 గేరు5

అక్కా, మీరు రెండూ వాడి చెబుతున్నారు కాబట్టి వింటున్నాను. నేను ఒక్క రకమే వాడాను. నా దారిలో మలుపులు ఎక్కువ, అందుకే నాకు నచ్చాయేమో. మైలురాయి అన్న హైవే మీద తిరుగుతారని మొదటి పోస్టులోనే రాశారు, నేను సరిగ్గా చదవలేదు.

#13 కొత్త లైసెన్సు

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఒకేసారి నాలుగు మార్చే స్తోమత లేకపోతే రెండే మార్చవచ్చా? మారిస్తే ముందు వేయించాలి కదా, ఇంజిన్ బలం ముందు చక్రాలకే వెళ్తుంది కాబట్టి?

#14 నల్లరబ్బరు

మార్చవచ్చు తమ్ముడూ. కానీ కొత్తవి వెనక వేయించాలి, బండి ముందు చక్రాలతో నడిచేదైనా సరే. షాపులో ఈ మాట చెబితే సగం మంది నా మొహం వంక వింతగా చూస్తారు.

తడి రోడ్డు మీద ముందు టైర్లు పట్టు తప్పితే బండి మలుపు తిరగకుండా తిన్నగా పోతుంది. భయమే, కానీ యాక్సిలరేటర్ వదిలేస్తే వేగం తగ్గి పట్టు తిరిగి దొరికే అవకాశం ఉంటుంది. వెనకవి తప్పితే తోక పక్కకు కొట్టుకొచ్చి బండి గిర్రున తిరుగుతుంది. దాన్ని సరిచేయడం మనలాంటి డ్రైవర్ల చేతిలో ఉండదు. పెద్ద టైరు కంపెనీలు కూడా ఎక్కువ లోతున్న టైర్లు వెనకే వేయమంటాయి.

#15 గేరు5

ఇది మాత్రం నేను ఒప్పుకోను గురువు గారూ. బ్రేకింగ్‌లో బరువంతా ముందుకు వస్తుంది. ఆపేవి ముందు టైర్లే. అవి అరిగినవైతే ఎలా?

#16 నల్లరబ్బరు

నువ్వన్నదీ నిజమే, ఆగే దూరం కొంత పెరుగుతుంది. అందుకే నాలుగూ ఒకేసారి మార్చడం మేలంటాను. అంతగా అరిగినవైతే ముందైనా సరే ఉంచకూడదు. కానీ రెండే కొనగలిగినప్పుడు దూరం పెరగడమా, బండి గిర్రున తిరగడమా అని ఎంచుకోవాల్సి వస్తే, నేను మొదటిదాన్నే తీసుకుంటాను. మా దగ్గరికి ఒక బండి వచ్చింది. ముందు కొత్తవి, వెనక నున్నగా అరిగినవి. వాన రోడ్డు మీద మామూలు వంపులోనే తిరిగి రెయిలింగ్‌కు గుద్దుకుంది. నడిపినాయనకు చెయ్యి విరిగింది. ‘ముందు భాగం బ్రహ్మాండంగా పట్టుకుందండీ, వెనక ఎందుకు పోయిందో తెలియలేదు’ అన్నాడు. ముందు పట్టు బాగుండబట్టే వెనకది అయిపోతోందని ఆయనకు చివరిదాకా తెలియలేదు.

#17 గేరు5

అర్థమైంది. నేను పోయిన ఏడాది రెండే మార్చి ముందు వేయించాను. ఈ ఆదివారం వెనక్కి మార్పిస్తాను.

#18 నిశ్శబ్ద మోటారు

నాది కరెంటు కారు. అదే సైజులో ఏ టైరైనా వేయించవచ్చా?

#19 సిలికా

సైజుతో పాటు లోడ్ ఇండెక్సు చూడండి. ఒక టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె అది. 91 అంటే 615 కిలోలు. 94 అంటే 670. బ్యాటరీ బరువు వల్ల మీ బండికి ఎక్కువ ఇండెక్సు, చాలాసార్లు ‘ఎక్స్‌ఎల్’ (ఎక్కువ బరువు మోసే టైరు) గుర్తు అవసరం. మీ బండి పుస్తకంలో రాసినదానికంటే తక్కువ ఎప్పుడూ వేయించకండి. వేగం అక్షరం కూడా అంతే. హెచ్ 210, వి 240, డబ్ల్యూ 270 కి.మీ. మనం ఆ వేగాల్లో వెళ్లం. కానీ ఆ అక్షరం టైరు వేడిని ఎంత తట్టుకుంటుందో కూడా చెబుతుంది, ఎండలో అది అక్కరకొస్తుంది.

#20 కొత్త లైసెన్సు

నైట్రోజన్ నింపితే వేడికి పెరగదంటున్నారు, నిజమేనా?

#21 లెక్కల మాస్టారు

మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది నాయనా. వేడికి అదీ దాదాపు అంతే పెరుగుతుంది. నైట్రోజన్ నింపించి నెలల తరబడి చూడకుండా వదిలేసే కన్నా, మామూలు గాలినే పదిహేను రోజులకోసారి చూసుకో.

#22 మైలురాయి

అందరి పోస్టులూ రెండేసి సార్లు చదివాను. 17కి వెళ్లే ఆలోచన మానేశాను. 205/55 ఆర్16 టూరింగే. లోడ్ 91, వేగం వి, నా పుస్తకంలో ఉన్నట్టే. ఇప్పుడు ఆ నాలుగు టైర్లలో ఒకటి ఎంచుకోవాలి. పరీక్షల పట్టికలు చూస్తే ఒక్కో ఏడాది ఒక్కోటి ముందుంది. వాటిని ఎలా చదవాలి?

#23 సిలికా

జర్మనీ మోటారు క్లబ్ ఏడీఏసీ పరీక్షలు చదవండి. 2023 నుంచి వాళ్లు భద్రతకు 70 శాతం, పర్యావరణానికి 30 శాతం మార్కులు ఇస్తున్నారు. అరుగుదల ఆ 30లోకి వస్తుంది. కాబట్టి మొత్తం గ్రేడ్ చూసి ఆగిపోకుండా లోపలికి వెళ్లి ‘తడి’ అన్న వరుస విడిగా చూడండి. పరీక్షించిన సైజు మీదేనా అన్నది కూడా చూడాలి. ఒకే మోడల్ వేరే సైజులో వేరేగా ప్రవర్తించవచ్చు. మీ సైజు చాలా ప్రాచుర్యం ఉన్నది కాబట్టి ఫలితాలు దొరుకుతాయి.

మీరు తడి బ్రేకింగ్, తడి మలుపు, నిలిచిన నీరు, ఈ మూడు వరుసల్లోనూ ఎక్కడా చివరికి జారనిది తీసుకోండి. ఒకదానిలో మొదటి స్థానంలో ఉండి ఇంకోదానిలో అడుగున ఉన్న టైరు కన్నా, మూడింట్లోనూ మధ్యకు కాస్త పైన ఉన్నది నయం. ఐరోపాలో 2024 నుంచి కొత్త రకాల ఆమోదానికి అరిగిన టైరు తడి పట్టు కూడా చూస్తున్నారు. మీకు దొరికితే ఆ తర్వాత వచ్చిన మోడల్ వైపు మొగ్గండి. అరిగిన టైరుతోనే కదా మీకు ఆ రోజు భయం వేసింది.

#24 నల్లరబ్బరు

కొన్నాక నాలుగు పనులు. బిగించే ముందు తయారీ వారం చూడండి. ‘అవుట్‌సైడ్’ అని రాసిన వైపు బయటికి వచ్చిందో లేదో నిలబడి చూడండి, హడావిడిలో తిరగేసి బిగించిన బండ్లు నేను సరిచేశాను. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించండి. మొదటి 300 కి.మీ. నెమ్మదిగా నడపండి, అచ్చులోంచి వచ్చిన జిడ్డు పొర పోయేదాకా పూర్తి పట్టు ఉండదు.

గాడి లోతు 3 మి.మీ.కి రాగానే మళ్లీ నా దగ్గరికో, ఇంకొకరి దగ్గరికో వెళ్లండి. గాళ్ల మధ్య కనిపించే చిన్న గట్లు 1.6 దగ్గర ఉంటాయి, చాలా దేశాల్లో చట్టం హద్దు అదే. కానీ వానకు ఆ చట్టంతో పని లేదు.

#25 మైలురాయి

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. టైర్లు మారాయి. 33 పి.ఎస్.ఐ., గేజీ కొనుక్కుని ప్రతి రెండో ఆదివారం పొద్దున్నే నేనే చూస్తున్నాను. నిన్న సాయంత్రం అదే రోడ్డు, అలాంటి వానే. ఈసారి వేగం 70కి తగ్గించాను, ముందు బండికి దూరం కూడా పెంచాను. ఒకచోట గట్టిగానే బ్రేకు వేయాల్సి వచ్చింది. పెడల్ దడదడలాడలేదు. ఆపాలనుకున్న చోటే ఆగింది. మా అమ్మాయి వెనక నుంచి ‘నాన్నా, ఎందుకు ఆగాం?’ అని అడిగింది. అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

#26 నల్లరబ్బరు

చాలా సంతోషం అండీ. ఒక్క సంగతి అడగడం మరిచాను. స్టెప్నీ ఏ ఏడాదిది? రోడ్డెక్కకపోయినా రబ్బరు డిక్కీలోనే ముసలిదైపోతుంది. అయిదారేళ్లు దాటితే పగుళ్లున్నాయేమో చూడాలి, పదేళ్లు దాటితే అసలు వాడకూడదు.

#27 మైలురాయి

ఇప్పుడే కిందికి వెళ్లి డిక్కీ తీసి టార్చి వేసి చూశాను. 1118. ఒక్కసారి కూడా వాడనట్టే ఉంది, గాళ్లు నిండుగా ఉన్నాయి. కానీ సైడ్‌వాల్ మీద వేలు పెట్టి రాస్తే సన్నటి పగుళ్లు తగిలాయి. గాలి 14 ఉంది. రేపు పొద్దున్న మార్పిస్తున్నాను.